రాతి మీద రాయప్ప, పుస్తకంలో పేత్రుస్

నవంబరు 2న సమాధుల తోటకు కొవ్వొత్తులతోబాటు ఒక నోటు పుస్తకం కూడా తీసుకువెళ్ళండి. మీ పెద్దల రాళ్ళ మీదున్న పేరు, తేదీ, ఊరు ఉన్నదున్నట్లు వ్రాసుకోండి. అరిగిన అక్షరాలు ఉదయపు ఏటవాలు ఎండలో కనబడతాయి. యాసిడ్‌తో, ఇనుప బ్రష్‌తో మాత్రం రుద్దకండి. మిగిలిన నాలుగక్షరాలూ పోతాయి!

తరువాత విచారణ గురువులను అడిగి పాత పుస్తకాలు చూడండి. జ్ఞానస్నాన, వివాహ పుస్తకాలను త్రెంతు మహాసభ 1563లోనే తప్పనిసరి చేసింది. చాలామంది తికమకపడేది ఇక్కడే. పాత పుస్తకాలు చాలాచోట్ల లతీనులో ఉంటాయి. రాతి మీది రాయప్ప అందులో పేత్రుస్, చిన్నప్ప పౌలుస్, ఇన్నయ్య ఇగ్నాసియుస్, శౌరి సవేరియుస్. పేరు లేదని పుస్తకం మూసేయకండి. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడా వ్రాసుకోండి. వారు మేనమామో పెద్దమ్మో కావచ్చు. 1908 నుండి జ్ఞానస్నానం వ్రాసినచోటనే వివాహమూ గుర్తు వేయాలన్నది నియమం. ఆడపడుచు ఏ ఊరు వెళ్ళిందో దానివల్ల తెలుస్తుంది.

అయితే, రాయి లేని మట్టిదిబ్బల మాటేమిటి? వాటి మీది చెక్క సిలువలు ఎప్పుడో చెదలు తినేశాయి. ఏది ఎవరిదో చెప్పగలిగినది ఇంట్లో ఉన్న అమ్మమ్మో, తాతయ్యో. నడవలేకపోతే రిక్షా ఎక్కించి అయినా ఈ ఏడే వారిని వెంట తీసుకువెళ్ళండి.