బిడ్డ అన్నం తినడం లేదా? బెదిరించకండి, బెంగపడకండి

“సిస్టరమ్మా, మా బాబు అసలేమీ తినడు. ఆకలి పుట్టే టానిక్ ఏదైనా రాయించండి.” పిల్లల ఓ.పి.లో తల్లులు తరచుగా అడిగే మాట ఇది. పక్కనే ఉన్న నానమ్మ “ఈ పిల్లకు తినిపించడం చేతకాదమ్మా” అంటుంది. తల్లి తల దించుకుంటుంది.

బిడ్డ తినకపోతే నేరమంతా తల్లిదే అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. అందుకే ఆమె గిన్నె పట్టుకుని బిడ్డ వెంట వీధి చివరి దాకా తిరుగుతుంది. బతిమాలుతుంది, బూచాడొస్తాడని బెదిరిస్తుంది, చివరకు ఒక దెబ్బ వేసి తానూ ఏడుస్తుంది. రోజుకు మూడు పూటలా ఇదే జరిగితే బిడ్డకు అన్నమంటే భయం, తల్లికి అన్నం వేళంటే దిగులు. ఈ రెండూ పోవాలంటే ఏమి చేయాలో ఈ నెల తెలుసుకుందాం.

ఆకలి ఎందుకు తగ్గుతుంది?

మొదటి సంవత్సరంలో బిడ్డ చాలా వేగంగా పెరుగుతుంది. పుట్టినప్పటి బరువు ఏడాది నిండేసరికి దాదాపు మూడు రెట్లవుతుంది. ఆ తరువాత ఐదేళ్ల వరకు సంవత్సరానికి సుమారు 2 కిలోలే పెరుగుతుంది. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. రెండేళ్ల వయసులో కొత్త కూర చూస్తే మూతి తిప్పుకోవడం, నిన్న ఇష్టంగా తిన్నది ఈ రోజు వద్దనడం కూడా మామూలే.

ఇంకో కారణం పాలు. రోజుకు ఐదారు సీసాల పాలు తాగే పిల్లల్ని మేము చూస్తుంటాము. “పాలలోనే బలమంతా ఉంది కదమ్మా” అంటారు పెద్దవాళ్లు. పాలు మంచివే. కాని వాటిలో ఇనుము చాలా తక్కువ. కడుపు పాలతో నిండితే అన్నానికి చోటుండదు, రక్తం తగ్గిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నెలల నుండి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. కాబట్టి ఏడాది దాటిన బిడ్డకు రోజుకు రెండు చిన్న గ్లాసుల పాలు, అంటే 400 నుండి 500 మి.లీ. చాలు. సీసా మాన్పించి గ్లాసుతో తాగించండి.

ఎవరి పని ఏది?

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ 1980లలో ఒక సులువైన పద్ధతి చెప్పారు. ఇప్పటికీ పిల్లల వైద్యులు ఎందరో దాన్నే సూచిస్తారు. ఏమి వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దల పని. పెట్టినదానిలో ఏది తినాలి, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. మన పని మనం సరిగా చేసి, బిడ్డ పని బిడ్డకు వదిలిపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు తన ఆకలి తనకు తెలుస్తుంది. ఒక పూట తక్కువ తింటే మరో పూట సరిచేసుకుంటుంది.

ఇలా చేయండి

1. వేళ పాటించండి. ఉదయం 8కి ఇడ్లీ లేక ఉప్మా, 10.30కి పండు, 1 గంటకు పప్పన్నం, 4.30కి పాలు లేక రాగి జావ, రాత్రి 7.30కి అన్నం. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. చిప్స్ ప్యాకెట్టు, బిస్కెట్లు, టీ ఆకలిని చంపేస్తాయి.

2. అందరితో కలిపి కూర్చోబెట్టండి. టీవీ, సెల్‌ఫోన్ పక్కన పెట్టండి. ఫోను చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిందో లేదో తెలియదు. భోజనానికి ముందు చేసే ప్రార్థన బిడ్డ చేత చెప్పించండి. అందరితో కలిసి తినబోతున్నానని బిడ్డకు తెలుస్తుంది.

3. తక్కువ వడ్డించండి. రెండు మూడు ముద్దలు చాలు. అడిగితే మళ్లీ పెట్టవచ్చు. నిండిన పళ్లెం చూస్తేనే చిన్నపిల్లలు బెదురుతారు.

4. తనంతట తాను తిననివ్వండి. ఒలకబోసుకుంటుంది, మీద పూసుకుంటుంది. కింద పాత పేపరు పరిస్తే సరిపోతుంది.

5. కొత్త కూరను తెలిసిన తిండి పక్కన ఒక చెంచా పెట్టండి. తినమని ఒత్తిడి చేయవద్దు. పది, పదిహేనుసార్లు రుచి చూశాకే కొందరు పిల్లలకు అలవాటవుతుంది. రెండుసార్లు వద్దంటే తోటకూర మానేయకండి. పప్పులో కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. నిమ్మరసం వల్ల ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

6. అరగంటలో పళ్లెం తీసేయండి. కోపం వద్దు. “సరే నాన్నా, మళ్లీ సాయంత్రం తిందువుగాని” అనండి.

ఇవి చేయకండి

ముక్కు మూసి, పడుకోబెట్టి నోట్లో పోయడం చాలా ప్రమాదం. ఏడుస్తున్న బిడ్డ నోట్లో ముద్ద కుక్కితే అది గొంతుకు అడ్డుపడవచ్చు, లేదా ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, గట్టి శనగలు గింజలుగా ఇవ్వకండి. పొడి చేసి ఇవ్వండి.

“అన్నం తింటే చాక్లెట్ ఇస్తా” అనవద్దు. అన్నం చేదు, చాక్లెట్ బహుమానం అని బిడ్డ నేర్చుకుంటుంది. అక్కతోనో పక్కింటి బాబుతోనో పోల్చవద్దు. డాక్టరు చెప్పకుండా ఆకలి టానిక్కులు కొనవద్దు. వాటిలో కొన్ని నిద్రమత్తు కలిగిస్తాయి, మానేయగానే ఆకలి మళ్లీ మామూలే.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

తింటున్నదా లేదా అన్నది ముద్దలు లెక్కపెట్టి కాదు, బరువు చూసి తెలుసుకోవాలి. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి, కార్డు మీద గీత చూడండి. గీత పైకి పోతుంటే నిశ్చింతగా ఉండండి.

గీత కిందికి దిగినా, రెండు మూడు నెలలు కదలకున్నా ఆలస్యం చేయకండి. మింగేటప్పుడు పొలమారడం, తరచు వాంతులు, విడవని జ్వరం లేక దగ్గు, కళ్లు గోళ్లు పాలిపోవడం, మట్టి తినడం, కాళ్ల వాపు ఉన్నా తీసుకురండి. 6 నెలల నుండి 5 ఏళ్ల లోపు బిడ్డ దండ చుట్టుకొలత 12.5 సెం.మీ. కన్న తక్కువుంటే పోషకాహార లోపం, 11.5 కన్న తక్కువైతే తీవ్రమైన లోపం. ఇలాంటి పిల్లలకు “తినకపోతే పోనీ” అన్న పద్ధతి పనికిరాదు, వైద్యం కావాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్, జాతీయ దినాలైన ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పనిసరిగా వేయించండి.

పెద్దలకు ఒక మనవి

నానమ్మలు, అమ్మమ్మలు, స్త్రీల సమాజపు అక్కలు దయచేసి గమనించండి. ఆదివారం ఆరాధన అయ్యాక “బాబు ఇంత చిక్కిపోయాడేమిటమ్మా?” అని మనం ప్రేమతోనే అడుగుతాము. ఆ మాట పట్టుకుని తల్లి ఇంటికి వెళ్లి బిడ్డకు మరో నాలుగు ముద్దలు కుక్కుతుంది. దానికి బదులు “బరువు చూపించావా?” అని అడగండి. ఒక పూట వంట మీరందుకుని, బిడ్డతో కలిసి కూర్చుని తినే తీరిక ఆమెకివ్వండి. నాన్నలు కూడా రాత్రి అన్నం బిడ్డ పక్కన కూర్చునే తినండి. మీరు కాకరకాయ పక్కకు తోస్తుంటే బిడ్డ ఎలా తింటుంది?

రెండు వారాలు ఇలా చేసి చూడండి. మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగానే ఉంటుంది, వెనక్కి తగ్గవద్దు. సందేహముంటే అంగన్‌వాడీ కార్డు తీసుకుని పిల్లల ఓ.పి.కి రండి, మా సిస్టర్లు దగ్గరుండి చెబుతారు. ప్రభువు మీ ఇంటి భోజనపు బల్లను సమాధానంతో నింపును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్