సోషల్ మీడియా శోధన – క్రైస్తవ విద్యార్థి



శోధన అనగానే మనకు సారా, జూదం, చెడు స్నేహాలు గుర్తుకొస్తాయి. మందిరంలో పాస్టరుగారు, ఇంట్లో అమ్మానాన్నలు చిన్నప్పటి నుంచి హెచ్చరించినవి అవే. కానీ నేటి విద్యార్థికి ఎదురయ్యే శోధన జేబులోనే ఉంది. బొటనవేలితో పైకి తోస్తే చాలు, ఒక వీడియో వెనుక మరొకటి వస్తూనే ఉంటుంది. ఇది పాపమా కాదా అని వాదించుకునే ముందు, ఇది ఎలా పనిచేస్తుందో, మన విశ్వాసం దీని గురించి ఏం నేర్పుతుందో తెలుసుకుందాం.

అంతం లేని పేజీ

ఒకప్పుడు ఇంటర్నెట్‌లో పేజీకి చివర ఉండేది. తర్వాతి పేజీకి వెళ్లాలంటే అంకె మీద నొక్కాలి. ఆ క్షణంలో "ఇక చాలు" అనుకునే వీలుండేది. 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ ఆ చివరను తీసేసే పద్ధతిని రూపొందించాడు. తర్వాతి కాలంలో ఆయనే అందుకు బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. పేరు మారింది గానీ అలవాటు మారలేదు.

స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలపై చేసిన ప్రయోగాలను బి.ఇడి. చదివినవారు ఎరుగుదురు. పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం కంటే, ఎప్పుడు దొరుకుతుందో తెలియని పావురం విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. రీల్స్ కూడా అంతే. తొమ్మిది బాగాలేకపోయినా పదోది నవ్విస్తుందేమోనని వేలు ఆగదు.

భక్తులకు తెలిసిన శోధనే

సాధనం కొత్తదే గానీ శోధన పాతదే. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఇవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. ప్రార్థనకు కూర్చున్నవాడిని మధ్యాహ్నం వేళ ఒక విసుగు పట్టుకుంటుందని ఆయన రాశాడు. పొద్దు కదలనట్టే ఉంటుంది. మాటిమాటికీ కిటికీ వైపు చూపు పోతుంది. ఎవరైనా వస్తే బాగుండుననిపిస్తుంది. దీనికి గ్రీకు భాషలో అకేడియా అని పేరు. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచిన పది నిమిషాలకే మన చెయ్యి ఫోను వైపు పోవడం ఇదే కదా! ఆయన చెప్పిన మందుల్లో ఒకటి: గది విడిచిపోకుండా ఓర్పుతో కూర్చోవడం.

ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను తన 'ఒప్పుకోలు' గ్రంథంలో మరో మాట చెప్పాడు. కుందేలును కుక్క తరమడం, ఇంట్లో బల్లి ఈగను పట్టడం వంటి చిన్న దృశ్యాలు కూడా తన మనస్సును దేవుని నుంచి లాగేస్తాయని బాధపడ్డాడు. బల్లినే చూడకుండా ఉండలేని మనస్సుకు అంతులేని వీడియోలు దొరికితే ఏమవుతుంది?

ప్రభువు చూపిన మాదిరి

మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడు. అందరూ వెదుకుతున్నారని శిష్యులు వచ్చి చెప్పారు. ఆయన ఆ ఆదరణ వెంట పోలేదు. తాను వచ్చిన పని కోసం వేరే ఊళ్లకు వెళ్దామన్నాడు. మనమైతే కళ్లు తెరవగానే ఎన్ని లైకులు వచ్చాయో చూస్తున్నాం. మనుషులకు కనబడాలని ప్రార్థించవద్దని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు హెచ్చరించాడు. వాక్యాన్ని స్టేటస్‌గా పెట్టడం తప్పు కాదు. కానీ పెట్టినంత సేపైనా దాన్ని ధ్యానించామా?

మనకెందుకు ముఖ్యం?

మనలో చాలామంది ఇంటికి మొదటి పట్టభద్రులం. మనకు పొలం లేదు, సిఫారసు చేసే బంధువు లేడు. మన పెద్దలు కూలికి పోయి మనకు కొనిచ్చిన ఆస్తి ఒక్కటే, చదువుకునే సమయం. రోజుకు రెండు గంటలు స్క్రోలింగ్‌లో పోతే ఏడాదికి 730 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చదువు చొప్పున లెక్కిస్తే అవి 91 రోజులు. ఒక పోటీ పరీక్షకు సిద్ధమయ్యేంత కాలం! రాత్రి 12 దాటితే డేటా పోతుందని మెలకువగా ఉండి ఖాళీ చేస్తున్నాం. పోతున్నది డేటా కాదు, మన నిద్ర, మన ఉదయం.

ఏం చేయాలి?

ఫోను వద్దనడం మన ఉద్దేశం కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకూ, పాఠాలకూ, ఇంటికి మాట్లాడటానికీ అది కావాలి. అయినా కొన్ని నియమాలు పెట్టుకోవచ్చు.

1. ఉదయం మొదటి అరగంట ఫోను ముట్టకుండా అచ్చు బైబిలు చదువుదాం. యాప్‌లో చదివితే మధ్యలో నోటిఫికేషన్ పిలుస్తుంది.
2. స్టడీ అవర్‌లో గదిలోని వారందరి ఫోన్లూ ఒకే ట్రంకు పెట్టెలో పెడదాం. ఒక్కడు ఓడిపోయేచోట నలుగురు నిలబడగలరు.
3. అభ్యంతరపరిచే కన్నును తీసి పారేయమన్న ప్రభువు మాటను గుర్తుంచుకుందాం. ఆపలేని యాప్‌ను తీసేద్దాం.
4. శ్రమల దినాలు నలభై రోజులూ మాంసం మానేవారు రీల్స్ కూడా మానవచ్చు.
5. మిగిలిన సమయంలో ఒక్క జూనియర్‌కైనా లెక్కలో, ఇంగ్లీషో చెబుదాం. ఖాళీ చేసిన చోటును మంచితో నింపకపోతే పాత అలవాటు తిరిగి వస్తుంది.

ఇతర మతాల మిత్రులారా! మీ నమాజుకైనా, పూజకైనా, చదువుకైనా ఇదే ఆటంకం. కనుక ఈ పోరాటం మనందరిదీ. దేవుడు మనకు రోజుకు ఇరవై నాలుగు గంటలే ఇచ్చాడు. ధనికుని కొడుక్కీ అంతే, కూలివాని బిడ్డకీ అంతే. ఈ ఒక్క విషయంలో మనం ఎవరికీ తక్కువ కాదు. ఆ సమానత్వాన్ని మన వేలితో మనమే తుడిచేసుకోకుండా చూసుకుందాం.