పెరటికి నీళ్లు – పైసల లెక్క

హుజూరాబాద్ వైపు కాకతీయ కాలువ ఉంది. ఆ నీళ్లు పొలాలకు. పెరటికి బిందెలే. మోసీ మోసీ నడుము నొస్తుంది.

ఒక అక్క డ్రిప్పు పెట్టాలనుకుంది. ముందు పెరడు కొలిచింది. రెండు సాళ్లు. ఒక్కొక్కటి 15 అడుగులు. సాలుకు 10 మొక్కలు: వంకాయ, మిరప, టమాట. డ్రమ్ము నుండి సాళ్లకు 10 అడుగులు.

దుకాణంలో ధరలు అడిగి రాసుకుంది.

పైపు: 40 అడుగులు × 5 = 200
డ్రిప్పర్లు: 20 × 4 = 80
నల్లా, జాలి: 120

దుకాణదారు "450 రూపాయలు" అన్నాడు.

"అన్నా, మళ్ల కూడు. 400 అయితయి" అన్నది అక్క.

ఆయన కూడిండు. 400 తీసుకుండు. మిగిలిన 50తో అక్క బీర విత్తనాలు కొన్నది.

డ్రమ్మును ఎత్తు మీద పెట్టాలి. అప్పుడే నీళ్లు పారుతాయి. జాలి లేకుంటే చెత్త అడ్డుపడుతుంది.

ధరలు అన్ని చోట్లా ఒకటి కావు. మీ పెరటికి పైపు ఎంత కావాలి? కొలవండి. రాయండి.