గోళీలు ఉచితం, బస్సు ఉచితం... కూలి మాటేమిటి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది దుబ్బాక దగ్గర పల్లె. బీడీలు చుడతాను. భివండిలో మరమగ్గాల మీద పనిచేసిన నా భర్త నిరుడు చనిపోయారు. నాకూ హెచ్‌ఐవీ ఉంది, గోళీలు వేసుకుంటున్నాను. ఆస్పత్రికి వస్తే ఆ రోజు కూలి పోతుందని పోయిన నెల రాలేదు. అత్తగారు నా కంచం, చెంబు వేరు పెట్టింది. ఇల్లు వదిలి పొమ్మంటోంది. బాబుకు ఏడేళ్ళు.
– ఒక సోదరి

జవాబు: ముందు గోళీల సంగతి చూద్దామమ్మా. ఈ వారమే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళండి. మానేసినందుకు తిడతారని భయపడి ఇంకో నెల ఆగేవాళ్ళున్నారు. అలా ఆగితేనే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. బాబుకు పరీక్ష చేయించారో లేదో రాయలేదు. చేయించకపోతే వెంట తీసుకెళ్ళండి.

ఈ మందులు 2004 నుంచి ఉచితం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సూ ఉచితమే. కానీ తడిపిన ఆకు, తంబాకు అలాగే వదిలేసి, ఒళ్ళో చాట దించి వచ్చిన రోజు వెయ్యి బీడీల కూలి ఎవరిస్తారు? ‘ఈమె మందులు సరిగా వాడదు’ అని రాసేముందు ఆ లెక్క అడగడం మా వైద్యుల బాధ్యత. వాళ్ళు అడక్కపోతే మీరే అడగండి: వైరస్ అదుపులో ఉండి, మందులు క్రమంగా వాడేవాళ్ళకు మూడు నెలల గోళీలు ఒకేసారి ఇచ్చే వీలుంది. మీ ఊరికి దగ్గర్లో ఈ గోళీలు ఇచ్చే లింక్ కేంద్రం ఉందేమో కూడా కనుక్కోండి. దగ్గు మొదలైతే బీడీ దుమ్ము వల్లేనని ఊరుకోకండి, టీబీ పరీక్ష చేయించుకోవాలి.

కంచం, చెంబుల వల్ల హెచ్‌ఐవీ అంటదు. ఇంట్లోంచి పొమ్మనే హక్కు అత్తగారికి లేదు. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఉమ్మడిగా ఉన్న ఇంట్లో ఉండే హక్కు మీకిచ్చింది. భర్త ఆస్తిలో మీకూ, బాబుకూ వాటా ఉంటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు, ఆదాయం ఎంతున్నా, వకీలును ఉచితంగా ఇస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు ప్రభుత్వ పింఛను ఉంది. 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. దరఖాస్తు పెడితే ఊళ్ళో తెలిసిపోతుందని చాలామంది వదులుకుంటున్నారు. కేంద్రంలో కౌన్సెలర్‌తో మాట్లాడాకే పెట్టండి.

ప్రశ్న: సిద్దిపేటలో హోటల్ పనిలో చేరుతున్నాను. హెచ్‌ఐవీ రిపోర్టు తెమ్మంటున్నారు. ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. ఉద్యోగానికి ఆ పరీక్ష షరతు పెట్టడం చట్టవిరుద్ధం. అయితే ఫిర్యాదులు వినే అధికారిని పెట్టుకోవాల్సింది హోటళ్ళలాంటి చోట్ల అయితే వందమంది లేదా అంతకు పైగా ఉన్నప్పుడే. చిన్న హోటల్లో ఆ అధికారి ఉండరు, హెచ్‌ఐవీ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ఆ న్యాయం వచ్చేలోగా ఈ నెల గది అద్దె ఆగదని నాకూ తెలుసు. 1097కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

ప్రశ్న: అవగాహన సభలు పెడుతున్నా పరీక్షకు ఎవరూ రావడం లేదు. ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, గజ్వేల్

జవాబు: మాస్టారూ, సభ పగలు పదకొండింటికి పంచాయతీ ముందు పెడితే నాట్లకు వెళ్ళినవాళ్ళు ఎలా వస్తారు? ప్రజ్ఞాపూర్ దగ్గర దాబాల్లో ఆగే లారీ డ్రైవర్లు మీ సభకు రారు, మనమే అక్కడికి వెళ్ళాలి. పేర్లు రాసుకునేవాళ్ళు అదే వాడవాళ్ళయితే ఎవరూ చెయ్యి చాపరు. పొరుగు మండలం వాళ్ళను పిలవండి. రక్తం తీసేముందే చెప్పండి: ఫలితం పరీక్ష చేయించుకున్నవాళ్ళకు, పరీక్ష చేసే సిబ్బందికి తప్ప ఎవరికీ తెలియదు, సర్పంచికి తెలియదు, మీకూ తెలియదు.