కాలు పోయిన జవాను ఇంటికొచ్చాక: అతని తమ్ముడికి ఒక లేఖ



మందుపాతర మీద అడుగుపడి మోకాలి కింద కాలు పోయిన జవానుకు ప్రాణం నిలబెట్టేది ఆస్పత్రి. నెత్తురు ఆపడం, హెలికాప్టర్‌లో తరలించడం, ఆపరేషన్ చేయడం అన్నీ గంటల్లో, రోజుల్లో జరిగిపోతాయి. ఆ పని తెలిసినవాళ్లే ఆ పని చేస్తారు. తర్వాతి ఏళ్లన్నీ ఇంటివాళ్ల చేతుల్లో ఉంటాయి. వాళ్లకు మాత్రం చాలాసార్లు ఎవరూ ఏదీ నేర్పి పంపరు.

నేర్చుకోవలసిన వాటిలో మొదటిది దిండు సంగతి. నొప్పి తగ్గుతుందని అమ్మలు మోకాలి కింద దిండు పెడతారు. కొన్ని వారాలు అలాగే ఉంచితే మోకాలు వంగినచోటే బిగుసుకుపోతుంది. అప్పుడు ఎంత మంచి కృత్రిమ కాలు అమర్చినా నిటారుగా నిలబడటం కష్టం. అందుకే మోకాలు చాపి ఉంచాలి, రోజూ కొంతసేపు బోర్లా పడుకోవాలి. మొండికాలికి క్రేప్ బ్యాండేజీని ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. కొస దగ్గర బిగువుగా మొదలుపెట్టి, పైకి వెళ్లేకొద్దీ వదులు చేయాలి. గుండ్రంగా ఒకేచోట బిగించి చుడితే రక్తప్రసరణకు అడ్డుపడుతుంది. వాపు తగ్గి, మొండికాలికి ఆకారం వచ్చాకే కృత్రిమ కాలి కొలత సరిగ్గా కుదురుతుంది. మొదటి ఏడాది కండ తగ్గి మొండికాలు సన్నబడుతుంది, అది ఇమిడే సాకెట్ వదులవుతుంది. అదనంగా మేజోడు తొడగడం, అదీ చాలకపోతే సాకెట్ మార్పించడం మామూలే. కాలు పనికిరాకుండా పోయిందని నిరాశపడాల్సింది లేదు. రోజూ సాయంత్రం కాలు విప్పాక అద్దం పట్టి చర్మం చూడాలి. ఎర్రబడిన చోటు కాసేపటికి మామూలు రంగుకు రాకపోతే ఆ కాలు మళ్లీ తొడగకుండా వైద్యుడికి చూపించాలి.

లేని పాదంలో నొప్పి రావడం నిజం. తెగిపోయిన వేళ్లు మెలితిరిగినట్టు, మండినట్టు జవాను చెబితే ఇంట్లో ఎవరూ నవ్వకూడదు, భయపడి దిష్టి తీయించే పనికీ పోకూడదు. పాదం పోయినా దాని కోసం మెదడులో ఉన్న చోటు అలాగే ఉంటుంది. చెన్నైలో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దీనికి అద్దంతో ఒక పద్ధతి చూపించారు. ఉన్న కాలు ప్రతిబింబం లేని కాలి చోట కనిపించేలా అద్దం పెట్టి కదిలిస్తే కొందరికి నొప్పి సడలుతుంది. అందరికీ పనిచేయదు గానీ ఖర్చు లేని ప్రయత్నం. మందులు వైద్యుడు చెప్పినవే వాడాలి.

గాయపడ్డ జవాన్లకు పుణే పెద్ద దిక్కు. అక్కడి ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి పనిచేస్తోంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు పుణేలోనే ఖడ్కీలో పునరావాస కేంద్రం ఉంది. 1917లో మొదలైన క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వికలాంగులైన సైనికులకు వృత్తి విద్య నేర్పుతుంది. పుణే వెళ్లడమంటే కాలి మరమ్మతు కోసమే కాదు. తనలాంటివాళ్లు పదిమంది నడుస్తూ, పరాచికాలాడుకుంటూ కనిపించడం ఇంటివాళ్లెవరూ ఇవ్వలేని ధైర్యం ఇస్తుంది.

ఎన్నాళ్లు పడుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. నాగాలాండ్‌కు చెందిన హొకాటో సేమ 2002లో మందుపాతర పేలి ఎడమ కాలు పోగొట్టుకున్నారు. షాట్‌పుట్ చేతపట్టింది 2016లో, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 2024లో. మేజర్ డి.పి. సింగ్ 1999లో అఖ్నూర్ దగ్గర మోర్టార్ పేలుడులో గాయపడినప్పుడు చనిపోయారనే మొదట తేల్చారు. కృత్రిమ కాలితో ఆయన ఢిల్లీ హాఫ్ మారథాన్ పరుగెత్తింది పదేళ్ల తర్వాత, 2009లో. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మురళీకాంత్ పేట్కర్ అంతకుముందు బాక్సర్. ఆ ఆట చేజారాక ఈతకు మళ్లి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం తెచ్చారు. పద్మశ్రీ వచ్చేసరికి 2018 అయింది. పతకం రాని జవాన్లే ఎక్కువ, వాళ్ల కోలుకోవడం తక్కువదేమీ కాదు. గమనించాల్సింది ఆ మధ్యలో గడిచిన ఏళ్లు. ఆరు నెలలకే "ఇంకా అలాగే ఉన్నావేంటి" అనడం అన్యాయం.

మనసు గాయం ఆలస్యంగా బయటపడుతుంది. నిద్ర పట్టకపోవడం, దీపావళి టపాసుకు ఉలిక్కిపడటం, చిన్నమాటకే కోపం, ఎవరినీ కలవకపోవడం దాని గుర్తులు. ఊళ్లో చేసే పెద్ద కీడు ఇక్కడే మొదలవుతుంది: పలకరించడానికొచ్చిన స్నేహితులు మిలిటరీ క్యాంటీన్ సీసా తెరుస్తారు. ఆ అలవాటు ముదరకముందే ఆపాల్సింది తమ్ముడే, అదీ ఆ స్నేహితులతో విడిగా మాట్లాడి. మానసిక ఆరోగ్య సాయానికి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దాంతో పాటు పాత యూనిట్ వాళ్లతో ఫోను తెగిపోకుండా చూడాలి. జవాను భార్యకు చెప్పలేనిది వాళ్లకు చెబుతాడు.

కాగితాల పని మాత్రం ఇంటివాళ్లు పూర్తిగా నెత్తిన వేసుకోవచ్చు. గాయం ఎలా అయిందో రాసిన రిపోర్టు, మెడికల్ బోర్డు నిర్ణయం, డిశ్చార్జి బుక్, పీపీఓ (పింఛను ఉత్తర్వు) ఒక్కొక్కటి రెండు నకళ్లతో దాచాలి. యుద్ధరంగంలో అయిన గాయానికీ, మామూలు విధుల్లో అయిన గాయానికీ పింఛను లెక్క వేరు. రిపోర్టులో ఒక్క వాక్యం తప్పు పడితే ఏళ్లపాటు తిరగాల్సి వస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దరఖాస్తుల్లో సాయపడుతుంది. అన్యాయం జరిగిందనిపిస్తే సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది. పింఛనుతో బయటికొచ్చాక వైద్యానికి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు తీసుకోవడం మరవకూడదు.

ఇంట్లో పని విషయంలో లెక్క తిరగబడాలి. లేవలేడని మంచినీళ్లు చేతికందించడం, చొక్కా తొడగడం ప్రేమే. నెలలు గడిచేకొద్దీ అదే జవానును కుర్చీకి కట్టేస్తుంది. తనకు చేతనైన పని తనే చేసుకోనివ్వాలి, ఆలస్యమైనా సరే. మార్చాల్సింది ఇంటిని: గడప దగ్గర వాలు, మరుగుదొడ్లో కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, జారని నేల.

ఊరికీ బాధ్యత ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లకు సైనికుడంటే ఏమిటో తరతరాలుగా తెలుసు. మిగతా ఊళ్లలో ఒక శాలువా, ఒక ఫొటోతో బాధ్యత తీరిపోతుంది. ఆర్మీ సెలక్షన్లకు తెల్లవారుజామున పరుగెత్తే కుర్రాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇవ్వమని అడిగితే జవానుకు పని దొరుకుతుంది, ఆ పిల్లలకు అసలైన గురువు దొరుకుతాడు.

చివరిగా వదిన సంగతి. రాత్రుళ్లు మేలుకునేది, కోపం భరించేది, పిల్లల్ని చూసుకునేది ఆవిడే. ఆవిడ ఎలా ఉందని అడిగేవాళ్లు ఉండరు. వారంలో కొన్ని రాత్రులు తమ్ముడు అన్న దగ్గర పడుకుంటే ఆవిడకు నిద్ర దొరుకుతుంది. పుట్టింటికి వెళ్లివస్తానంటే ఎవరూ అడ్డు చెప్పకూడదు. పుణే ప్రయాణానికి ప్రతిసారీ ఆవిడే వెంట వెళ్లాలన్న నియమమూ లేదు.