ఏ కాలేజీ ముందు పెట్టాలి?

పోయిన జూన్‌లో మా చిన్నాయన కూతురు ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేసి, "అన్నా, నా ర్యాంకుకు రెండూ వచ్చేట్టున్నాయి. ఏది ముందు పెట్టాల?" అని అడిగింది. రెండూ పేరున్న కేంద్ర సంస్థలే, రెండింట్లోనూ కంప్యూటర్ సైన్సే. ఒకటి ఇంటికి దగ్గర, ఇంకోటి కోస్తాలో. ప్యాకేజీల్లో పెద్ద తేడా లేదు.

నాకు వెంటనే జవాబు రాలేదు. నా ఆప్షన్లు నేను పెట్టింది రాత్రి రెండింటికి, ప్లేస్‌మెంట్ లిస్టు ఒక్కటే చూసి. మొదటి సెమిస్టర్‌లో నా ఆదివారాలు ఎట్లా గడిచాయో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ముందు ఒక విషయం. చాలామంది జూనియర్లు ఇక్కడే పొరపాటు పడుతున్నారు. జోసా కౌన్సెలింగ్‌లో 'ఫ్లోట్' పెట్టుకుంటే తర్వాత ఏ కాలేజీకైనా మారొచ్చు అనుకుంటారు. అది నిజం కాదు. మన లిస్టులో మనకొచ్చిన సీటుకన్నా పైన రాసుకున్న వాటికే మారగలం. 'స్లైడ్' అయితే అదే కాలేజీలో పైన రాసుకున్న బ్రాంచికి. లిస్టు లాక్ అయ్యాక వరస మార్చడానికి లేదు. రెండు సీట్లూ వచ్చే ర్యాంకు ఉంటే పైన రాసిందే వస్తుంది, కింద రాసింది ఇక రాదు. అంటే ఆలోచించాల్సింది రౌండ్ల మధ్య కాదు, లాక్ చేసే ముందే.

"యాడికో అంత దూరం ఎందుకమ్మా, మన పక్కనే ఉంది గదా" అన్నాడు చిన్నాయన. ఈ మాట మన సీమలో చాలా పాతది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలైంది. దాన్ని అనంతపురంలో పెట్టాలని మనవాళ్లు అడిగారు. చివరికి 1930లో అది వాల్తేరు చేరింది. దత్తమండలాల కాలేజీలు దాంట్లో ఉండకుండా మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. తెలుగువాళ్ల కోసం పెట్టిన యూనివర్సిటీని వదిలి తెలుగు సీమలే మద్రాసు వైపు ఉండడం మొదటిసారి చదివినప్పుడు నాకు వింతగా అనిపించింది. కానీ దూరం ఒక్కటే కారణం అనుకోలేం. అక్కడ సర్కారు జిల్లాల వాళ్ల మధ్య మన మాట చెల్లుతుందా అన్న అనుమానం కూడా ఉండింది. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. సీమకు సొంత యూనివర్సిటీ వచ్చింది మాత్రం 1954లో, అదీ తిరుపతిలో.

ఇదే కథలో ఇంకో వైపు కూడా ఉంది. 'రాయలసీమ' అనే పేరు 1928లో మన నంద్యాలలో జరిగిన సభలోనే పుట్టింది. దాన్ని సూచించింది చిలుకూరి నారాయణరావు గారని చెప్తారు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పడానికి వచ్చారు. దూరం నుంచి వచ్చినాయన మనకు పేరు పెట్టాడు! చిన్నాయనకు ఇది చెప్తే నవ్వి ఊరుకున్నాడు.

సరే, ఆ దగ్గరి కాలేజీని ఒకసారి చూద్దామని నేనూ చెల్లీ బస్సెక్కాం. ఓపెన్ డే రోజు కాదు, మామూలు రోజు వెళ్లాం. అలా వెళ్లడమే మంచిది. సెలవులైనా ప్రాజెక్టుల కోసం కొంతమంది ఉన్నారు. బిల్డింగులు బాగున్నాయి. నోటీసు బోర్డులో క్లబ్బుల పోస్టర్లు ఏడాది పాతవి. లైబ్రరీ అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుందని వెబ్‌సైట్‌లో రాసుంది. క్యాంటీన్‌లో ఒక సీనియర్ అక్క కనపడితే చెల్లి అదే అడిగింది.

"తెరిచే ఉంటుంది. మా హాస్టల్ గేటు మాత్రం ఎనిమిదికే మూస్తారు" అనింది ఆ అక్క.

నాకు ఈ ప్రశ్న తట్టనే లేదు. అబ్బాయిని కదా, నా గేటు ఎప్పుడు మూస్తారో నాకే తెలీదు. ఏ ర్యాంకింగ్ లిస్టులోనూ ఈ కాలమ్ ఉండదు. ఆదివారం క్యాంపస్‌లో ఎవరు మిగులుతారు, మెస్సులో ఏ భాష వినపడుతుంది, ఒంట్లో బాగాలేకపోతే రాత్రిపూట ఎవరు తీసుకుపోతారు అని కూడా ఆమే అడిగింది. నేను పక్కన కూర్చుని టీ తాగాను.

కోస్తా కాలేజీకి పోయే టైం లేదు. అక్కడ చదివే ఇద్దరమ్మాయిలకు ఫోన్ చేసి, ఇవే ప్రశ్నలు ఇదే వరసలో వేసింది. అక్కడ గేటు పదిన్నరకు. లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా దారంతా లైట్లు. కూరల్లో కారం మాత్రం మనకు చాలదట. ఇద్దరూ విడివిడిగా అదే చెప్పారు.

లాక్ చేసే రోజు సాయంత్రం ఆళ్లగడ్డలో ముగ్గురం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. చెల్లి వరస మార్చి, వాళ్ల నాయన వైపు చూసింది. చిన్నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, నా ఫోన్ అడిగాడు.

"నంద్యాలలో రాత్రి రైలు ఎన్నింటికో చూడబ్బీ" అన్నాడు.