హృదయ కాఠిన్యం - విడాకులపై బైబిలు బోధ, మనకు గుణపాఠం

మన తెలుగునాట ఎన్నో ఊళ్ళలో మస్జిదు, చర్చి ఒకే వీధిలో ఉంటాయి. పెళ్ళిళ్ళకూ, కష్టసుఖాలకూ ఒకరి గడప ఒకరు తొక్కుతూనే ఉంటాం. అయితే విడాకుల ప్రస్తావన వచ్చేసరికి ఇరువైపులా సగం తెలిసిన మాటలే వినిపిస్తాయి. బైబిలులో విడాకులకు తావే లేదని మన యువకులు అంటారు. మీ దగ్గర మూడు మాటలతో కాపురం ముగిసిపోతుందట కదా అని వారు అంటారు. ఈ రెండు మాటలూ సత్యాన్ని సగమే చెబుతాయి. సగం సత్యం వాదన గెలవడానికి పనికిరావచ్చునేమో గానీ, కాపురాలు నిలబెట్టడానికి పనికిరాదు.

గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించకూడదని దివ్య ఖుర్ఆన్ (29:46) ఆదేశిస్తోంది. ఎదుటివారి గ్రంథంలో ఏముందో తెలియకుండా ఉత్తమ రీతి ఎలా సాధ్యమవుతుంది? అందుకే వివాహం, విడాకులు, పునర్వివాహాల గురించి బైబిలు ఏమి చెబుతున్నదో, క్రైస్తవులు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో, అందులో మనం గ్రహించవలసినది ఏమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం. తౌరాతు, ఇంజీలు అల్లాహ్ అవతరింపజేసిన గ్రంథాలేనని మన విశ్వాసం. నేడున్న ప్రతుల్లో ఖుర్ఆన్‌కు అనుగుణంగా ఉన్నదాన్ని మనం సత్యమంటాం, విరుద్ధంగా ఉన్నదాన్ని అంగీకరించం. మిగతా వాటి విషయంలో ధ్రువీకరించవద్దనీ, తిరస్కరించవద్దనీ మహాప్రవక్త (స) మనకు నేర్పారు.

తౌరాతు ధర్మశాస్త్రంలో

బైబిలులోని ఆదికాండం (2:24) ప్రకారం పురుషుడు తన తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుంటాడు, వారిద్దరూ ఏకశరీరమవుతారు. క్రైస్తవుల వివాహ బోధకు పునాది ఈ వాక్యమే.

విడాకుల మాట ద్వితీయోపదేశకాండం (24:1-4)లో వస్తుంది. భార్యలో అనుచితమైనదేదో కనబడి ఆమెను వదలిపెట్టే భర్త ‘పరిత్యాగ పత్రిక’ రాసి ఆమె చేతికివ్వాలి. ఈ పత్రిక ఆమెకు ఒక రక్షణ. తాను ఎవరి భార్యా కానని చూపించి ఆమె మరొకరిని వివాహమాడవచ్చు. అయితే ఆ రెండో భర్త కూడా విడాకులిచ్చినా, మరణించినా మొదటి భర్త ఆమెను తిరిగి చేసుకోకూడదు. భార్యను పంపడం, పిలిపించుకోవడం ఆటగా మారకుండా వేసిన కట్టుబాటు ఇది. ఆ తర్వాతి కాలానికి చెందిన మలాకీ గ్రంథం (2:16)లో, యౌవనంలో పెండ్లాడిన భార్యను పరిత్యజించడం దేవునికి అసహ్యమని ఉంది.

ఆ ‘అనుచితమైనది’ అంటే ఏమిటన్న దానిపై యూద పండితులు రెండుగా చీలిపోయారు. షమ్మాయి వర్గం వారు, భార్య శీలం తప్పితేనే విడాకులన్నారు. హిల్లేలు వర్గం వారు, వంట పాడుచేసినా చాలన్నారు. ఆ తర్వాత వచ్చిన అకీబా అనే పండితుడు, ఆమెకన్నా అందగత్తె కనబడినా చాలన్నాడు. ఈ అభిప్రాయాలు యూదుల మిష్నా గ్రంథంలో నేటికీ ఉన్నాయి.

హజ్రత్ ఈసా (అ)ను అడిగిన ప్రశ్న

ఈ వివాదం నడుస్తున్న కాలంలోనే పరిసయ్యులు హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) వద్దకు వచ్చి, ఏ కారణం చేతనైనా భార్యను విడిచిపెట్టడం ధర్మమేనా అని అడిగినట్లు మత్తయి సువార్త (19:3-9) తెలుపుతోంది. ఆయన వారిని ఆదికాండం వైపు మళ్ళించారు. దేవుడు జతపరచిన వారిని మనిషి విడదీయరాదన్నారు. మరి హజ్రత్ మూసా (అ) పరిత్యాగ పత్రిక ఎందుకు ఇవ్వమన్నారని వారు మళ్ళీ అడిగితే, అది మీ హృదయ కాఠిన్యం వల్ల ఇచ్చిన అనుమతి అని సమాధానమిచ్చారు. వ్యభిచార కారణం ఉంటే తప్ప భార్యను విడిచి మరొకతెను చేసుకునేవాడు వ్యభిచరిస్తున్నట్లేనన్నారు.

ఇదే బోధ మార్కు (10:11-12), లూకా (16:18) సువార్తల్లో ఉన్నప్పటికీ వ్యభిచారమనే ఆ ఒక్క మినహాయింపు అక్కడ కనబడదు. మార్కు సువార్త ఈ నియమాన్ని భార్యకు కూడా వర్తింపజేస్తుంది. తర్వాతి భేదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఆ కఠినమైన మాట ఎవరిని ఉద్దేశించి పలికినదో గమనించాలి. అడిగినవారు పురుషులు. విడాకుల పత్రం రాసే అధికారం కూడా పురుషుడిదే. చిన్న నెపంతో భార్యను వీధిపాలు చేయడానికి ధర్మశాస్త్రాన్ని అడ్డం పెట్టుకునేవారికి ఆ మాట ముకుతాడు వేసింది. అది విన్న శిష్యులు, అలాగైతే అసలు పెళ్ళి చేసుకోకపోవడమే మేలన్నారని మత్తయి (19:10) రాశాడు.

పౌలు పత్రికలు, చర్చిల భేదాలు

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (7:10-15)లో ఈ విషయం మళ్ళీ వస్తుంది. భార్య భర్తను విడిచిపోకూడదు, విడిచిపోతే ఒంటరిగా ఉండాలి లేదా భర్తతో సమాధానపడాలి. భర్త భార్యను పరిత్యజించకూడదు. అయితే విశ్వాసం లేని జీవిత భాగస్వామి తానుగా విడిచిపోతే రెండోవారు బంధానికి కట్టుబడి ఉండనక్కరలేదు. భర్త చనిపోయిన స్త్రీకి మళ్ళీ పెళ్ళి చేసుకునే స్వేచ్ఛ ఉంది (7:39).

ఈ వాక్యాల నుండే చర్చిలు వేర్వేరు దారులు పట్టాయి. కథోలిక చర్చి వివాహాన్ని పవిత్ర సంస్కారంగా భావిస్తుంది. సక్రమంగా జరిగి, కాపురం చేసిన క్రైస్తవ దంపతుల వివాహాన్ని మరణం తప్ప మరేదీ రద్దు చేయలేదంటుంది. 1563లో ట్రెంటు మహాసభ దీన్ని గట్టిగా ప్రకటించింది. వేరుగా నివసించడానికి అనుమతి దొరకవచ్చు గానీ మరో పెళ్ళికి దొరకదు. పెళ్ళి జరిగిన నాడే ఏదో మూల లోపం ఉందని చర్చి న్యాయస్థానం తేల్చితే, అసలు వివాహమే జరగలేదని ప్రకటిస్తుంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఈ విచారణ పద్ధతిని సులభతరం చేశారు.

ఆర్థడాక్సు చర్చి కొన్ని కారణాలపై విడాకులను ఒప్పుకుంటుంది. పశ్చాత్తాప ప్రార్థనలతో రెండో వివాహాన్ని, అరుదుగా మూడో వివాహాన్ని అనుమతిస్తుంది. ప్రొటెస్టెంటుల్లో లూథర్, కాల్విన్ వంటివారు వ్యభిచారం, విడిచిపోవడం అనే కారణాలను అంగీకరించారు. మొదటి భాగస్వామి బతికి ఉండగా చర్చిలో మరో పెళ్ళి జరపడానికి ఇంగ్లాండు చర్చి 2002లో ప్రత్యేక పరిస్థితుల్లో ఒప్పుకుంది. కనుక క్రైస్తవంలో విడాకులే లేవనడం ఎంత పొరపాటో, అందరిదీ ఒకటే మాట అనుకోవడం కూడా అంతే పొరపాటు.

దేశ చట్టం, ఒంటరి స్త్రీలు

మన దేశంలో క్రైస్తవుల విడాకులకు 1869 నాటి చట్టం వర్తిస్తుంది. దాని పాత రూపంలో భర్త విడాకులు కోరడానికి భార్య వ్యభిచారాన్ని నిరూపిస్తే సరిపోయేది. భార్యకు మాత్రం మామూలుగా అది చాలదు. భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలివేయడమో కూడా ఆమె నిరూపించాలి. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షను తప్పుబట్టింది. 2001 సవరణతో భార్యాభర్తలకు సమానమైన కారణాలు, పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. అంటే క్రూరుడైన భర్త వ్యభిచారి కాకపోతే, ఆ భార్యకు నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ చట్టంలో విడాకుల దారి లేదు. ఇంటికీ చెందక, విడుదలా దొరకక ఎందరో స్త్రీలు నలిగిపోయారు.

ఇది చదివి సంతోషించే హక్కు మనకుందా? మన గతం కూడా చూసుకుందాం. ఒకప్పుడు మన దేశంలో, భర్త ఆచూకీ లేకపోయినా, పోషణ మానేసినా, హనఫీ ఫిఖహ్ ప్రకారం వివాహం నుండి బయటపడే దారి దొరకక కొందరు ముస్లిం స్త్రీలు ధర్మాన్నే వదిలివేసే దుస్థితి వచ్చింది. దీనికి కలత చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930ల ఆరంభంలో ‘అల్ హీలతున్నాజిజా’ అనే గ్రంథం వెలువరించి, మాలికీ ఫిఖహ్‌లోని పరిష్కారాలను ముందుకు తెచ్చారు. ఆ బాటలోనే 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టం వచ్చింది. అల్లాహ్ తెరిచి ఉంచిన తలుపును మనమే మూసి, ఆ తర్వాత మళ్ళీ తెరుచుకున్నామన్న మాట!

ఖుర్ఆన్ చూపిన మధ్యేమార్గం

దివ్య ఖుర్ఆన్ వివాహాన్ని దృఢమైన ఒడంబడిక అన్నది (4:21). దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని తన సూచనల్లో ఒకటిగా అల్లాహ్ పేర్కొన్నాడు (30:21). భార్యలో నచ్చనిది ఏదైనా ఉన్నా, అందులోనే అల్లాహ్ ఎంతో మేలు ఉంచి ఉండవచ్చని ఓర్పు నేర్పాడు (4:19). కలహం ముదిరితే ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమన్నాడు (4:35). ఇవన్నీ విఫలమైనప్పుడే తలాఖ్.

ఆ తలాఖ్ కూడా ఒక్కసారిగా తెంచేది కాదు. భార్య పరిశుద్ధావస్థలో ఉన్నప్పుడు, ఆ శుద్ధికాలంలో కలవకుండా ఒక్క తలాఖ్ చెప్పాలి. ఇద్దత్ కాలంలో ఆమెను ఇంటి నుండి వెళ్ళగొట్టకూడదు (65:1). ఆ గడువులో మనసు మారితే తిరిగి కలవవచ్చు. ఇలాంటి అవకాశం రెండుసార్లే (2:229). మూడో తలాఖ్ తర్వాత ఆమె మరొకరిని నిజంగా వివాహమాడి, ఆ కాపురం సహజంగా ముగిస్తే తప్ప మొదటి భర్తకు ధర్మసమ్మతం కాదు (2:230). ముందే ఒప్పందం చేసుకుని జరిపే హలాలాకు పాల్పడేవారిని మహాప్రవక్త (స) శపించారు. పరిత్యాగ పత్రిక వెనుక ఉన్న ఉద్దేశమే ఇక్కడా కనబడుతుంది. స్త్రీ జీవితం ఆటవస్తువు కాకూడదు.

భార్యకు ఖులా హక్కు ఉంది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య, భర్త గుణంలో గానీ ధర్మంలో గానీ లోపం లేదని చెబుతూనే అతనితో కాపురం చేయలేనన్నారు. మహర్‌గా తీసుకున్న తోటను తిరిగి ఇప్పించి మహాప్రవక్త (స) ఆమెకు విముక్తి కలిగించారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. మనకు మాత్రం మదీనా నుండి వచ్చిన తీర్పు పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే అందింది.

పునర్వివాహం కళంకం కాదు. హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) మొదట జాఫర్ (రజి)ను, ఆయన వీరమరణం తర్వాత అబూబక్ర్ (రజి)ను, ఆ తర్వాత అలీ (రజి)ను వివాహమాడారు. మఅఖిల్ బిన్ యసార్ (రజి) చెల్లెలికి భర్త విడాకులిచ్చి, ఇద్దత్ ముగిశాక మళ్ళీ పెళ్ళి కోరుతూ వచ్చాడు. చెల్లెలికి ఇష్టమే గానీ అన్న కోపంతో నిరాకరించారు. అప్పుడు స్త్రీలను అలా అడ్డుకోవద్దంటూ వాక్యం (2:232) అవతరించింది. అన్న వెంటనే తలవంచారు.

మన ఇళ్ళకు పాఠం

కఠినమైన చట్టం ఉన్నచోట కొందరు స్త్రీలు తలుపు మూసిన గదిలో మగ్గిపోయారు. తలుపు ఉన్నచోట కొందరు పురుషులు దానితోనే స్త్రీలను బయటికి నెట్టారు. రెండుచోట్లా రోగం ఒకటే. హజ్రత్ ఈసా (అ) దాన్ని హృదయ కాఠిన్యమన్నారు. అనుమతి ఉన్నంత మాత్రాన ఆ రోగం నయం కాదు, నిషేధం ఉన్నంత మాత్రాన కూడా నయం కాదు. దైవభీతి ఒక్కటే దానికి మందు. తలాఖ్ సూరాలో తఖ్వా మాట పదే పదే వచ్చేది అందుకే.

కనుక మనం కొన్ని విషయాలు మనసులో గట్టిగా నిలుపుకుందాం.

ఒకటి, కోపంలో ఒకేసారి మూడు తలాఖ్‌లు పలకడం షరీఅత్ నేర్పిన పద్ధతి కాదు. వాటిని ఎన్నిగా లెక్కించాలన్నదానిపై ఉలమాల మధ్య భేదం ఉన్నా, అదే ఉత్తమ విధానమని ఏ ఆలిమూ చెప్పరు. 2017లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది, 2019 చట్టం నేరంగా పరిగణించింది. మనం ముందే మానుకుని ఉంటే ఈ మాట ఇతరుల చేత అనిపించుకునేవారమా?

రెండు, కాపురం చేయకుండా, తలాఖ్ ఇవ్వకుండా భార్యను పుట్టింట్లో వదిలేయడం ఘోరమైన పాపం. స్త్రీని వేలాడదీసినట్లు వదలవద్దని (4:129), బాధించడానికే ఆపి ఉంచవద్దని (2:231) ఖుర్ఆన్ స్పష్టంగా హెచ్చరించింది. ఖులా అడిగిన కూతురికి, మహర్ పోతుందనో, పరువు పోతుందనో అడ్డుపడే తల్లిదండ్రులు కూడా ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

మూడు, మన వీధిలో, మన బంధువుల్లో ఉన్న వితంతువులకు, విడాకులు పొందినవారికి సంబంధాలు వెతకడం మన బాధ్యత. జోడులేని వారికి పెళ్ళిళ్ళు చేయండన్న ఆజ్ఞ (24:32) సమాజమంతటికీ వర్తిస్తుంది.

నాలుగు, పొరుగున ఉన్న క్రైస్తవ కుటుంబంలో కాపురం చెడితే అది మన వాదనకు ఆయుధం కాకూడదు. ఆ ఇంటి తల్లి కన్నీరు మన ఇంటి తల్లి కన్నీరు లాంటిదే. అడిగితే ఉన్న సత్యం చెబుదాం. అడగకపోతే మన కాపురాల ద్వారా చూపిద్దాం. ఇస్లాంలో విడాకులు ఎంత సులభమో చెప్పి ఎవరి మనసూ గెలవలేం. ముస్లిం ఇంట్లో భార్య ఎంత నిశ్చింతగా ఉందో చూసినవారు మాత్రం ఆలోచిస్తారు.

అల్లాహ్ మన హృదయాలను మెత్తబరచుగాక! మన దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని పెంపొందించుగాక! కలిసి ఉంటే మంచితనంతో, విడిపోవలసివస్తే మర్యాదతో మెలిగే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.